ఎక్కించే ముందు దించడం నేర్పండి

రెండేళ్ల గుర్రప్పిల్ల. ఉలవల బకెట్ చప్పుడు వింటే పరిగెత్తుకొస్తుంది. కాలెత్తమంటే ఎత్తుతుంది. మాలిష్ చేస్తుంటే కళ్లు సగం మూసుకుని హాయిగా నిలబడుతుంది. అదే గుర్రం, డీసీఎం వ్యాను వెనక తలుపు కిందికి దించేసరికి నాలుగు కాళ్లూ నేలకు తన్నిపట్టి ఆగిపోతుంది. తాడు లాగితే తల పైకెత్తుతుంది. ఇంకా లాగితే వెనక్కి నడుస్తుంది. అప్పటికీ వదలకపోతే ముందుకాళ్లు లేపుతుంది. మీ కష్టం ఇదేనా? అయితే కూర్చోండి, మాట్లాడుకుందాం.

మీ గుర్రానికి మొండితనం లేదు, పొగరూ లేదు. ఒక్కసారి అది నిలబడ్డ చోట నిలబడి చూడండి. ఎండలోంచి చీకటి గదిలోకి రమ్మంటున్నారు. వెలుతురులోంచి చీకట్లోకి వస్తే దాని కళ్లు సర్దుకోవడానికి మనకంటే ఎక్కువసేపు పడుతుంది. లోపల ఏముందో దానికి తెలీదు. కాలు పెడితే కింద డొల్లగా మోగుతోంది. పైన కప్పు, పక్కన గోడలు. బయటపడే దారి వెనకవైపు ఒక్కటే, ఆ దారిలో నలుగురు మనుషులు కర్రలు పట్టుకుని నిలబడ్డారు. ఆపద వస్తే పరుగు తప్ప వేరే ఆయుధం లేని జంతువు అది. అలాంటి చోటికి మీరైతే వెళ్తారా?

అందుకే ఈ అధ్యాయమంతా ఒక్క పని చుట్టూనే తిరుగుతుంది. మనందరం గుర్రాన్ని ఎక్కించడానికే తంటాలు పడతాం. దించడం ఎవరూ నేర్పరు. వెనక్కి రావచ్చని నమ్మకం కుదిరిన గుర్రమే ముందుకు వెళ్తుంది. లోపలికి వెళ్తే ఇక చిక్కుకుపోయినట్టే అనుకునే గుర్రాన్ని బలవంతంగా ఒకసారి ఎక్కించవచ్చు, రెండుసార్లు ఎక్కించవచ్చు. మూడోసారి అది తలుపు చప్పుడుకే పారిపోతుంది.

మొదటి ప్రయాణం మిగిల్చిన భయం

మన దగ్గరికి వచ్చే మార్వారీ, కాఠియావాడీ పిల్లల్లో చాలావాటి కథ ఒకేలా మొదలవుతుంది. నాందేడ్ జిల్లా మాళేగావ్ ఖండోబా జాతరలోనో, తాపీ నది ఒడ్డున సారంగ్‌ఖేడా సంతలోనో బేరం కుదురుతుంది. తోటి గుర్రాల నుంచి విడదీసి, నలుగురు పట్టి, వెనక నుంచి నెట్టి లారీ ఎక్కిస్తారు. రాత్రంతా కుదుపులు, హారన్లు, బ్రేకులు. తెల్లారేసరికి తెలియని ఊరు, తెలియని మనుషులు. ఆ పిల్ల బుర్రలో బండి అంటే ఆ రాత్రే. నెలల తర్వాత మీరు ఎంతో ప్రేమగా రమ్మంటున్నది కూడా ఆ రాత్రిలోకే అనుకుంటుంది.

రేసు గుర్రాల సంగతి వేరు. మలక్‌పేట రేసుకోర్సుకు వచ్చే గుర్రాలు చిన్నప్పటి నుంచీ మనుషుల చేతుల్లో పెరుగుతాయి, గుర్రాల కోసమే కట్టిన వ్యాన్లలో ఊళ్లు తిరుగుతాయి. రేసులు మానేశాక అలాంటి గుర్రాన్ని కొన్నవాళ్లు "దీనికి అలవాటేలే" అని ధీమాగా ఉంటారు. తీరా చూస్తే అది డీసీఎం ముందు మొరాయిస్తుంది. ఆశ్చర్యం ఏముంది? దానికి అలవాటైంది మెత్తటి గోడలు, వాలు తక్కువున్న చెక్క ఉన్న వ్యాను. ఇనుప రేకుల పెట్టె దానికీ కొత్తే. దానితోనూ మొదటి మెట్టు నుంచే మొదలుపెట్టండి. కాకపోతే త్వరగా నేర్చుకుంటుంది.

ప్రయాణం రోజు పాఠం చెప్పొద్దు

సాయంత్రం ఏడింటికి బారాత్. ఊరు గంటన్నర దూరం. నాలుగింటికి వ్యాను వచ్చింది. ఐదు దాటింది, గుర్రం ఎక్కలేదు. పెళ్లివారు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. డ్రైవరు బీడీ పారేసి దగ్గరికొచ్చాడు.

"సార్, టైమైతుంది. ఎనకనుంచి నాలుగేస్తే అదే ఎక్కుతది."

గుర్రాన్ని చూసుకునే మీ సైసు తాడు వదల్లేదు. "ఆగన్నా, అది బెదిరింది. ఇప్పుడు కొడితే ఎగిరి మీద పడ్తది."

మీరు ఎవరి మాట వింటారు? నిజం చెప్పాలంటే ఆ సమయంలో చాలామంది డ్రైవరు మాటే వింటారు. తప్పు ఆ ఐదు గంటలప్పుడు జరగలేదు. అంతకు మూడు వారాల ముందు, పెళ్లి ఒప్పుకున్న రోజున, బండిని ఒక్కసారి కూడా పిలిపించకపోవడంలో జరిగింది.

తొందర గుర్రానికి తెలిసిపోతుంది. మీ భుజాలు బిగుసుకుంటాయి, ఊపిరి పైపైన ఆడుతుంది, తాడు పట్టిన చెయ్యి గట్టిపడుతుంది. వీటన్నిటినీ అది మీకంటే ముందే పసిగడుతుంది. కాబట్టి ఎక్కడికీ వెళ్లనక్కర్లేని రోజునే నేర్పాలి. సొంత బండి లేదా? అద్దె బండినే పూటకు మాట్లాడుకోండి. నడపక్కర్లేదు, నిలబెడితే చాలని డ్రైవరుకు ముందే చెప్పండి. మొదట వింతగా చూస్తాడు, తర్వాత చెట్టు కింద కునుకు తీస్తాడు.

పెళ్లిళ్లే కాదు, అసలు అవసరం ఇంకొకటుంది. గుర్రాలకు హఠాత్తుగా ప్రాణం మీదికి వచ్చే జబ్బుల్లో కడుపునొప్పి ముందుంటుంది. అర్ధరాత్రి మీ గుర్రం పొర్లాడుతుంటే, స్థానిక డాక్టరు "రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లండి" అనో, "తిరుపతి వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లండి" అనో చెబితే, ఆ వేళలో బండెక్కని గుర్రాన్ని పెట్టుకుని ఏం చేస్తారు? గుర్రాన్ని పెంచేవాళ్లకు ఇది సరదా విద్య కాదు.

గుర్రం కంటే ముందు బండిని దారికి తెండి

గుర్రం ఎక్కడానికి నిరాకరించే బండ్లలో సగం, నిజంగానే ఎక్కకూడని బండ్లు. టాటా ఏస్‌లో గుర్రాన్ని ఇరికించి తీసుకెళ్లేవాళ్లను రోడ్ల మీద చూస్తూనే ఉంటాం. దాని తొట్టి పొడవు దాదాపు ఏడడుగులు. ఎదిగిన గుర్రం ముక్కు నుంచి తోక దాకా ఎనిమిది అడుగులు ఉంటుంది. లెక్క మీరే వేసుకోండి.

బండి వచ్చాక ఇవి చూడండి:

1. నేల జారకూడదు. ఇనుప రేకు మీద లాడం వేసిన కాలు జారినంత సులువుగా ఇంకెక్కడా జారదు. రబ్బరు మ్యాట్లు పరచండి. లేకపోతే కొబ్బరి పీచు పట్టాలు, వాటి మీద వరిగడ్డి. ఒక్కసారి లోపల జారిపడితే మీరు నేర్పిందంతా పోతుంది.

2. గోడల్లో బయటికి పొడుచుకొచ్చిన బోల్టులు, చిరిగిన రేకు అంచులు ఉన్నాయేమో చెయ్యి పెట్టి తడిమి చూడండి. కంటికి కనపడవు. గోనెసంచుల్లో గడ్డి కూరి పక్కలకు కట్టండి.

3. కప్పు ఎత్తు. మార్వారీ గుర్రం చెవులు నిక్కించినప్పుడు వాటి కొనలు నడినెత్తిమీద కలుసుకునేంత వంపు తిరిగి ఉంటాయి. చెవులకు ఏదైనా తగిలితే దానికి అసలు నచ్చదు. తల మామూలుగా ఎత్తి నిలబడినప్పుడు చెవుల పైన బెత్తెడు జాగా అయినా మిగలాలి.

4. బండి కదలకూడదు. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాల ముందూ వెనకా రాళ్లు పెట్టండి. కాలు మోపగానే బండి ఊగితే ఏ గుర్రమైనా వెనక్కి దూకుతుంది. వెనక తగిలించుకునే ట్రైలర్ అయితే, దాన్ని జీపుకు తగిలించకుండా గుర్రాన్ని ఎక్కించనే వద్దు. బరువు వెనక పడగానే ముందుభాగం పైకి లేస్తుంది.

5. ఎత్తు తగ్గించండి. డీసీఎం తొట్టి దాదాపు మన నడుమంత ఎత్తు. నిటారుగా వాల్చిన చెక్క మీద పిల్ల గుర్రం ఎక్కడం కష్టం, వెనక్కి దిగడం ఇంకా కష్టం. పొలంగట్టు కానీ మట్టిదిబ్బ కానీ చూసుకుని, తొట్టి అంచు దానితో సమానంగా వచ్చేలా బండిని వెనక్కి పెట్టించండి. మధ్యలో సందు మిగిలితే మందపాటి చెక్కతో మూసేయండి. ఈ ఒక్క పనితో సమస్య సగానికి సగం తగ్గిపోయిన గుర్రాలు ఎన్నో.

6. వెలుతురు లోపల పడేలా బండిని తిప్పి నిలబెట్టండి. పక్క కిటికీ, ముందు జాలీ ఉంటే తెరిచి ఉంచండి.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. జంతువుల రవాణా గురించి 1978లో వచ్చిన కేంద్ర నిబంధనల్లో గుర్రాలకు విడిగా ఒక అధ్యాయం ఉంది. ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉందని, అంటువ్యాధి లేదని పశువైద్యుడి సర్టిఫికెట్ ఉండాలి. నేల జారకుండా ఏర్పాటు ఉండాలి. గుర్రానికీ గుర్రానికీ మధ్య కనీసం 8 సెంటీమీటర్ల మందం వెదురు అడ్డం ఉండాలి. ఎదురొచ్చే బండ్లకు దూరంగా తలలు ఎడమవైపు ఉండాలి. బండి వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటకూడదు. ఆఖరిదాన్ని హైవే మీద పాటించేవాళ్లు నాకైతే కనపడలేదు. కానీ లోపల నాలుగు కాళ్ల మీద నిలబడి ఉన్నది గుర్రం, మీరు కాదు. ఆ అంకె ఊరికే రాయలేదు.

పాఠాలు

చేతులకు గ్లౌజులు, కాళ్లకు బూట్లు, తలకు హెల్మెట్. తాడును చేతికి చుట్టుకోవద్దు, ఎప్పుడూ. మడతలుగా పట్టుకోండి. పిల్లలను, కుక్కలను, సలహాలిచ్చే బంధువులను దూరంగా పంపేయండి. మీరు, తెలిసిన సహాయకుడు ఒకరు. అంతే.

1. నేల మీద మొదలుపెట్టండి. బండి లేని చోట, ఖాళీ స్థలంలో, తాడు కాస్త ముందుకు పట్టి ఆగండి. లాగొద్దు, బిగువు ఉంచండి చాలు. గుర్రం ఒక్క అడుగు, కాదు, అరడుగు ముందుకు వాలినా సరే, ఆ క్షణమే తాడు వదులు చేయండి. మళ్లీ అడగండి. అలాగే ఛాతీ మీద వేలు పెట్టి వెనక్కి ఒక అడుగు అడగండి, వేయగానే వదలండి. గుర్రానికి పాఠం బిగువులో లేదు, వదలడంలో ఉంది. తను చేసిన ఏ పనికి బిగువు పోయిందో ఆ పనిని గుర్తుపెట్టుకుంటుంది. అది అడుగు వేశాక కూడా మీరు లాగుతూనే ఉంటే, అడుగు వేయడం వల్ల లాభం లేదని నేర్చుకుంటుంది. మనలో ఎక్కువమంది దానికి నేర్పేది ఇదే.

తాడుతో పాటు సన్నటి పొడవాటి బెత్తం ఒకటి వాడవచ్చు. తుంటి పైన మెల్లగా, ఒకే లయలో తట్టడానికి. ముందుకు కదలగానే ఆపేయాలి. దోమ వాలినంత తాకిడి చాలు. వాత తేలేలా కొట్టేవాళ్లు బెత్తం పట్టుకోకపోవడమే మంచిది.

తాడు కదిపితే ముందుకు, ఛాతీ మీద వేలు పెడితే వెనక్కి, ఈ రెండూ ఎక్కడైనా తడుముకోకుండా చేసేదాకా బండి జోలికి పోకండి.

2. కొత్త నేల, ఇరుకు దారి. పాత తలుపు చెక్కో ప్లైవుడ్ పలకో నేల మీద పరిచి దానిమీద నడిపించండి. టక్ టక్ మనే చప్పుడు అలవాటు కావాలి. తర్వాత డ్రమ్ములు రెండు వరసలు పెట్టి మధ్యలోంచి తీసుకెళ్లండి, మధ్యలో ఆపండి, అక్కడి నుంచి వెనక్కి నడిపించండి. ఆ తర్వాత నాలుగు కర్రల మీద టార్పాలిన్ కట్టి దాని కిందుగా. గాలికి అది టపటపలాడే రోజైతే మరీ మంచిది, కాకపోతే ముందు దూరం నుంచి చూపించండి.

3. బండి పక్కన మేత. మొదటి రోజు బండి దగ్గర ఏమీ అడగొద్దు. దాని పక్కన గడ్డి వేయండి. వాసన చూడనివ్వండి, ముక్కుతో పొడవనివ్వండి, కాలితో గీరనివ్వండి. తల వంచి వాసన చూస్తున్న గుర్రాన్ని ముందుకు లాగొద్దు. అది చూసుకుంటోంది. చూసుకోనివ్వండి.

4. ఒక్క కాలు. అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సిన మెట్టు ఇది. మీరు గుర్రానికి ఎదురుగా నిలబడి దాని కళ్లలోకి చూస్తూ లాగితే అది మిమ్మల్ని అడ్డుగోడ అనుకుంటుంది. భుజం పక్కన, మీరూ లోపలికే చూస్తూ నిలబడండి. ముందుకు అడగండి. చెక్క మీద ఒక కాలు పెట్టింది. వెంటనే తాడు వదులు, మెడ మీద ఒక తట్టు.

ఇప్పుడు ఏం చేయాలి? "పెట్టింది, పెట్టింది, రెండోది కూడా రానీ" అని ఆశ పుడుతుంది. ఆగండి. దాన్ని వెనక్కి అడగండి. అది తనంతట తను వెనక్కి రావాలనుకోకముందే మీరే అడగాలి. కిందికి దింపి, రెండు ఊపిరులు ఆగి, మళ్లీ ఒక కాలు. మళ్లీ వెనక్కి. ఇలా చేస్తూ పోతే, చూస్తున్నవాళ్లకు విసుగు పుడుతుంది. గుర్రానికి మాత్రం రెండు విషయాలు అర్థమవుతాయి: వెనక్కి దారి మూసుకుపోలేదు, ఆ దారి మీ మాటతోనే తెరుచుకుంటుంది. కాసేపటికి వెనక్కి అడిగితే కాస్త బద్ధకిస్తుంది, పైనే ఉందామన్నట్టు. ఆ బద్ధకం కోసమే ఇంత ఓపిక.

రెండు కాళ్లు, అలాగే. మూడోసారో నాలుగోసారో వెనక కాలు కూడా దానంతటదే ఎక్కుతుంది. పొంగిపోయి తలుపు వేసేయకండి. దించండి.

వెనక్కి దిగేటప్పుడు చెక్క పక్కకు కాలు జారే ప్రమాదముంది. సహాయకుడు పక్కన నిలబడి తుంటిని చేత్తో సరిచేయాలి. సరిగ్గా వెనక ఎవరూ ఉండొద్దు. గుర్రం దాదాపు చుట్టూ చూడగలదు కానీ తోక వెనక, ముక్కు కిందా దానికి కనపడదు. అక్కడ నిలబడ్డవాళ్లను తన్నితే అది దాని తప్పు కాదు.

5. దూసుకొచ్చే గుర్రం. సగం ఎక్కి ఒక్కసారిగా వెనక్కి దూకే పిల్లలు ఉంటాయి. తాడు బిగించి ఆపబోతే తల పైకెత్తి నడినెత్తి కప్పుకు కొట్టుకుంటుంది. అంత బలంగా దెబ్బ తగిలిన గుర్రం బండిని మరిచిపోవడం కష్టం. అందుకే వదిలేయండి, తాడు జారనివ్వండి, దానితో పాటే వెనక్కి నడవండి. కోప్పడొద్దు, బుజ్జగించనూ వద్దు. ఏమీ జరగనట్టే మళ్లీ తీసుకొచ్చి ఒక కాలు అడగండి. కింద ఉన్నప్పుడు కాస్త పని చెప్పండి, ముందుకు, వెనక్కి, పక్కకు. బండి మీద కాలు పెట్టినప్పుడు మాత్రం విశ్రాంతి. ఎక్కడ హాయిగా ఉందో అది త్వరలోనే లెక్క వేసుకుంటుంది.

6. లోపల నిలబడడం. నాలుగు కాళ్లతో ఎక్కాక ముందు పది సెకన్లు, తర్వాత నిమిషం, తర్వాత దాణా తిన్నంతసేపు. కొన్ని రోజుల పాటు సాయంత్రం దాణా బండిలోనే పెట్టండి. గడ్డి వల కడితే గుర్రం కళ్ల ఎత్తులో కట్టండి, ఖాళీ అయి వేలాడినప్పుడు కాలు ఇరుక్కోకుండా.

7. అడ్డకర్ర, ఆ తర్వాతే తాడు. ఈ వరస ఎప్పుడూ తప్పొద్దు. ఎక్కాక ముందు వెనక అడ్డకర్ర వేయాలి, తర్వాత తల కట్టాలి. దించేటప్పుడు ముందు తల విప్పాలి, తర్వాతే అడ్డకర్ర తీయాలి. తల కట్టి ఉండగా వెనక దారి తెరుచుకుంటే గుర్రం వెనక్కి నడుస్తుంది, తాడు అందదు, బెదిరి తన బరువంతా వేసి గుంజుతుంది. మెడలు విరిగేదీ, మనుషుల వేళ్లు పోయేదీ ఇక్కడే. ముడి ఒక్క లాగుతో ఊడిపోయేలా వేయండి.

8. ఇంజను. నిలబడ్డ బండిలో స్టార్టు చేసి, ఆపి, దించేయండి. మరోరోజు ఊరి చివరిదాకా వెళ్లి రండి. బ్రేకు మెల్లగా, మలుపు ఇంకా మెల్లగా. గుర్రాల కోసం కట్టిన రెండు అరల వ్యానులో ఒక్కటే వెళ్తుంటే కుడి అరలో నిలబెట్టండి. మన రోడ్లు ఎడమ అంచుకు వాలి ఉంటాయి, బరువు కుడివైపు ఉంటే బండి నిలకడగా పోతుంది. మొదటి ప్రయాణం తిరిగి సొంత పాకకే ముగియాలి. బండి ఎక్కిన ప్రతిసారీ కొత్త ఊరే వస్తే అది ఎందుకు ఎక్కాలి?

పాఠం పదిహేను, ఇరవై నిమిషాలు దాటనివ్వకండి. బాగా చేసినప్పుడే ఆపేయాలి. "ఇంకొక్కసారి" అనే మాట చాలా పాఠాలను పాడుచేసింది.

చుట్టుపక్కలవాళ్లు చెప్పే చిట్కాలు

"బెల్లం చూపించు, అదే వస్తుంది." వస్తుంది. మెడ సాచి, బెల్లం అందుకుని, వెనక్కి వెళ్తుంది. రెండో రోజుకు మెడ ఇంకా పొడుగ్గా సాచడం నేర్చుకుంటుంది. తిండిని ఎరగా ముందు చూపించకుండా, అడుగు వేశాక బహుమతిగా ఇవ్వండి. తేడా పెద్దది.

"వెనక తాడు వేసి ఇద్దరు అటూ ఇటూ లాగండి." బలంతో పని జరగాలంటే మూడు నాలుగు వందల కిలోల జంతువుతో తాడు లాగుడు పోటీకి దిగినట్టే. గెలిచేది మీరు కాదు. గెలిచినా, తుంటి కింద తాడు రాసుకుని ఒరిసిన చర్మం, బెదిరిన బుర్ర మిగులుతాయి.

"కళ్లకు గంతలు కట్టు." లారీలవాళ్ల దగ్గర ఇది బాగా నడుస్తుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్పదంటే ఒప్పుకుంటాను. కానీ గంతలతో ఎక్కిన గుర్రం ఎక్కడం నేర్చుకోలేదు. గంత విప్పగానే ఇరుకు పెట్టెలో కళ్లు తెరుస్తుంది, అప్పుడు దాని పక్కన నిలబడాల్సింది మీరే.

"పాత గుర్రాన్ని ముందు ఎక్కించు." ఈ చిట్కా మాత్రం మంచిది. నిదానమైన పెద్ద ఆడగుర్రం లోపల గడ్డి నములుతుంటే పిల్లకు సగం ధైర్యం వస్తుంది. కాకపోతే తోడు ఉంటేనే ఎక్కే అలవాటు పడనివ్వకండి. రెండు రోజులు తోడుతో, మూడో రోజు ఒంటరిగా.

"పాకలో మేత ఆపెయ్, ఆకలేస్తే బండెక్కుతుంది." వద్దు. గుర్రం కడుపు ఖాళీగా ఉండకూడదు, ఇందాక చెప్పిన కడుపునొప్పికి అదో కారణం.

ఈరోజే వెళ్లాల్సి వస్తే?

నేర్పే తీరిక లేదు, గుర్రం జబ్బుతో ఉంది, వెళ్లక తప్పదు. అప్పుడేం చేయాలి? ముందు డాక్టరునే ఇంటికి రమ్మని అడగండి. చాలా చికిత్సలు పాక దగ్గరే జరుగుతాయి. తప్పదంటే గట్టు వెతకండి, తోడు గుర్రాన్ని ముందు ఎక్కించండి, జనాన్ని తగ్గించండి. మత్తు ఇంజెక్షన్ డాక్టరు మాత్రమే నిర్ణయించి ఇవ్వాలి. మత్తులో ఉన్న గుర్రం కదిలే బండిలో నిలదొక్కుకోలేక పడిపోవచ్చు. ఎవరో ఇచ్చారని సీసా తెచ్చి పొడిచేయకండి.

పెళ్లి కోసమైతే? వెళ్లకండి. పెళ్లివారికి ఫోన్ చేసి, ఇంకో గుర్రాన్ని మాట్లాడిపెట్టి, అడ్వాన్సు తిరిగి ఇచ్చేయండి. కొట్టి ఎక్కించిన గుర్రాన్ని గంట తర్వాత డీజే బాక్సుల మధ్య, టపాకాయల మధ్య, కొత్త పెళ్లికొడుకును ఎక్కించుకుని నిలబడమంటే అది నిలబడుతుందన్న హామీ ఎవరివ్వగలరు? నష్టం డబ్బుతో పోయేది కాదు.

కొన్ని పిల్లలు ఒక్క వారంలో నేర్చుకుంటాయి. సంత లారీలో దెబ్బలు తిన్నవాటికి నెలలు పట్టవచ్చు. మధ్యలో ఒకరోజు అన్నీ మరిచిపోయినట్టు మళ్లీ మొదటికొస్తుంది, కంగారు పడకుండా మీరూ ఒక మెట్టు కిందికి దిగి అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఎంత ఆలస్యమైనా ఈ పద్ధతిలో నేర్చుకున్న గుర్రం, తాడు భుజం మీద వేసి వదిలేస్తే తనంతట తను బండెక్కే స్థాయికి వస్తుంది. అలాంటి గుర్రాలు ఉన్నాయి, మీదీ వాటిలో ఒకటి కావచ్చు.

బండి ఎప్పుడు దొరుకుతుందా అని చూస్తూ కూర్చోకండి. ఇంటి వెనక పాత తలుపు చెక్క ఉందేమో చూడండి. రేపు ఉదయం దాణాకు ముందు దాన్ని నేల మీద పరిచి, గుర్రాన్ని ఒక్క కాలు పెట్టమని అడగండి. పెట్టగానే వెనక్కి రమ్మనండి.